లిబ్రెఎలెక్ పెట్టెలో ఏ ఫైల్ ముట్టుకున్నా ‘రీడ్-ఓన్లీ’ అంటోంది. దారేది?

గోదారిగట్టు:

అన్నలూ, టీవీ కింద రాస్ప్‌బెర్రీ పై 4 (4 జీబీ) ఉంది. 32 జీబీ కార్డులో లిబ్రెఎలెక్ 12 (కోడి అనే వీడియో ప్లేయర్ నడపడానికే చేసిన లినక్స్) వేశాను. సినిమాలన్నీ నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ పెట్టె), కొన్ని యూఎస్‌బీ డిస్క్‌లో ఉన్నాయి. ఎస్ఎస్‌హెచ్‌లో (పీసీ నుంచి కమాండ్లు కొట్టే దారి) రూట్‌గా లాగిన్ అవుతోంది, ఆ తర్వాతే చిక్కు.

1. కోడితో వచ్చే ఎస్టువరీ స్కిన్ హోమ్ స్క్రీన్‌లో హోమ్.ఎక్స్ఎంఎల్ కొంచెం మార్చాలి. సేవ్ చేస్తే రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్ అంటోంది. రూట్ పార్టిషన్‌ని ఆర్‌డబ్ల్యూగా (రాయడానికి వీలుగా) రీమౌంట్ చేయబోతే అదీ కుదరలేదు.
2. నాస్ ఫోల్డర్ బూట్‌లోనే మౌంట్ అవ్వాలి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ల పట్టిక ఫైల్) లైన్ రాయనివ్వడం లేదు.
3. డిస్క్ పది నిమిషాలు ఖాళీగా ఉంటే ఆగిపోవాలి.
4. ప్రోగ్రాములు వేసే ఆప్ట్-గెట్ లేదు. ఒకటి రెండు టూల్స్ కావాలి.
5. తెలుగు సబ్‌టైటిళ్లు డబ్బాల్లా వస్తున్నాయి.

దీన్ని పీకేసి మామూలు డెబియన్ వేసి దాని మీద కోడి పెట్టుకోవడమే మంచిదా?

స్క్వాష్‌రాజు:

పీకక్కర్లేదు తమ్ముడూ. ముందు పెట్టె లోపల ఏముందో చూద్దాం.

కార్డులో రెండు పార్టిషన్లు ఉంటాయి. మొదటిది ఫ్యాట్, అదే /ఫ్లాష్. అందులో కెర్నల్‌తో పాటు సిస్టమ్ అనే ఒకే ఒక్క పెద్ద ఫైల్ ఉంటుంది. రెండోది ఈఎక్స్‌టీ4, అదే /స్టోరేజ్. నువ్వు చూస్తున్న /ఈటీసీ, /యూఎస్ఆర్ మొత్తం ఆ సిస్టమ్ ఫైల్ లోపలివే. అది స్క్వాష్‌ఎఫ్ఎస్, అంటే కుదించి మూటకట్టిన ఇమేజ్. రాయడం అనేది ఆ ఫార్మాట్‌లోనే లేదు. అందుకే రీమౌంట్ ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఉండదు, అది పర్మిషన్ల సమస్య కాదు. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ మూటని తీసేసి కొత్త మూట పెడతారు, /స్టోరేజ్ జోలికి రారు. కరెంటు పోయినా సిస్టమ్ పాడవకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఏ మార్పైనా /స్టోరేజ్ వైపు నుంచే చేయాలి. చాలా వాటికి వాళ్లే తలుపులు పెట్టి ఉంచారు. (కమాండ్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, పెద్దక్షరం అని విడిగా చెప్పిన చోట తప్ప, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టు.) అన్నీ /స్టోరేజ్/.కాన్ఫిగ్ కిందే ఉంటాయి:

ఆటోస్టార్ట్.ఎస్‌హెచ్: కోడి లేవకముందు నడిచే స్క్రిప్ట్.
షట్‌డౌన్.ఎస్‌హెచ్: ఆపేటప్పుడు నడిచేది.
సిస్టమ్.డి: సిస్టమ్‌డి (బూట్‌లో సర్వీసులని లేపే ప్రోగ్రాం) కోసం నీ సొంత సర్వీసులు, మౌంట్లు, టైమర్లు.
యూడెవ్.రూల్స్.డి, మోడ్‌ప్రోబ్.డి: మొదటిది పరికరాల నియమాలకి, రెండోది కెర్నల్ మాడ్యూళ్ల సెట్టింగులకి.
హోస్ట్స్.కాన్ఫ్: ఇందులో రాసిన లైన్లు /ఈటీసీ/హోస్ట్స్‌కి చేరతాయి.
సాంబా.కాన్ఫ్: పక్కనే ఉన్న .శాంపిల్ ఫైల్‌ని ఈ పేరుతో కాపీ చేసి మార్చుకో.
ఆర్‌సీ_కీమ్యాప్స్: రిమోట్ బటన్ల పట్టిక.

పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) మార్చాలంటే /స్టోరేజ్/.ప్రొఫైల్ ఉంది, ఎందుకంటే ఇక్కడ రూట్ యూజర్ ఇల్లు /స్టోరేజే.

కాన్ఫిగ్.టీఎక్స్‌టీ మాత్రం /ఫ్లాష్‌లో ఉంటుంది. అది ఫ్యాట్ కాబట్టి దాన్ని తెరవొచ్చు:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /ఫ్లాష్
నానో /ఫ్లాష్/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ
మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్ఓ /ఫ్లాష్

మూడో లైన్ మర్చిపోకు. ఆర్‌డబ్ల్యూలో ఉండగా కరెంటు పోతే ఫ్యాట్ చెడి అసలు బూట్ కాకపోవచ్చు. పక్కనే డిస్ట్రోకాన్ఫిగ్.టీఎక్స్‌టీ కూడా కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకు, అప్‌డేట్‌లో అది తిరగరాయబడుతుంది. నీవేవైనా ఉంటే కాన్ఫిగ్.టీఎక్స్‌టీలోనే రాయి.

డిస్క్ సంగతి ఆటోస్టార్ట్‌లో ఒక్క లైన్:

హెచ్‌డీపార్మ్ -ఎస్ 120 /డెవ్/డిస్క్/బై-ఐడీ/నీ-డిస్క్-పేరు

ఈ -ఎస్ పెద్ద ఎస్. 240 దాకా ఒక్కో అంకె 5 సెకన్లు, అంటే 120 పెడితే పది నిమిషాలు. ఆ పైన లెక్క మారుతుంది: 241 అరగంట, 242 గంట. ఎస్‌డీఏ అని రాయొద్దు, రెండో డిస్క్ పెట్టిన రోజు పేర్లు తారుమారవుతాయి. కొన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ల చిప్ ఈ ఆదేశాన్ని డిస్క్‌కి అందనివ్వదు. అప్పుడు లిబ్రెఎలెక్ రిపాజిటరీలోని సిస్టమ్ టూల్స్ యాడాన్ వేసుకో, అందులో హెచ్‌డీ-ఐడిల్ ఉంది. నీ నాలుగో ప్రశ్నకి సగం జవాబు కూడా అందులోనే: ఎంసీ, స్క్రీన్, స్మార్ట్‌మాన్‌టూల్స్ అన్నీ దానితో వస్తాయి.

మిగతా సగం డాకర్ యాడాన్ (ప్రోగ్రాంని దానికి కావలసిన సరంజామాతో సహా కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపేది). ఆప్ట్ తప్పనిసరైన సరుకు ఏదున్నా కంటైనర్‌లో పెట్టుకో. వేరే చోటి నుంచి తెచ్చిన బైనరీ /స్టోరేజ్/బిన్‌లో వేసినా నడుస్తుంది, కానీ ఒక్క మెలిక. 12లో పై 4 యూజర్‌స్పేస్ (కెర్నల్ కాక మిగతా ప్రోగ్రాములు) 64 బిట్‌కి మారింది. పాత 32 బిట్ బైనరీ వేస్తే ఫైల్ కళ్ల ముందే ఉన్నా ‘నాట్ ఫౌండ్’ అంటుంది. దానికి దొరకనిది ఆ ఫైల్ కాదు, దాన్ని లోడ్ చేసే 32 బిట్ లోడర్.

పెన్నాతీరం:

రాజు గారు చెప్పిన తలుపుల్లో హోమ్.ఎక్స్ఎంఎల్‌కి తలుపు లేదు. దానికి ఓవర్‌లే కావాలి. అడుగున మూల ఫోల్డర్, దాని మీద నీ ఫోల్డర్. కోడికి రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి.

ఎంకేడిర్ -పీ /స్టోరేజ్/.కాన్ఫిగ్/మోడ్స్/అప్పర్/ఎక్స్ఎంఎల్
ఎంకేడిర్ -పీ /స్టోరేజ్/.కాన్ఫిగ్/మోడ్స్/వర్క్
సీపీ /యూఎస్ఆర్/షేర్/కోడి/యాడాన్స్/స్కిన్.ఎస్టువరీ/ఎక్స్ఎంఎల్/హోమ్.ఎక్స్ఎంఎల్ /స్టోరేజ్/.కాన్ఫిగ్/మోడ్స్/అప్పర్/ఎక్స్ఎంఎల్/

హోమ్.ఎక్స్ఎంఎల్‌లో మొదటి హెచ్ పెద్దది. ఆ కాపీని మార్చుకుని, ఆటోస్టార్ట్.ఎస్‌హెచ్‌లో ఇది ఒకే లైన్‌గా:

మౌంట్ -టీ ఓవర్‌లే ఓవర్‌లే -ఓ లోయర్‌డిర్=/యూఎస్ఆర్/షేర్/కోడి/యాడాన్స్/స్కిన్.ఎస్టువరీ,అప్పర్‌డిర్=/స్టోరేజ్/.కాన్ఫిగ్/మోడ్స్/అప్పర్,వర్క్‌డిర్=/స్టోరేజ్/.కాన్ఫిగ్/మోడ్స్/వర్క్ /యూఎస్ఆర్/షేర్/కోడి/యాడాన్స్/స్కిన్.ఎస్టువరీ

కామాల పక్కన ఖాళీ వదలొద్దు. అప్పర్, వర్క్ రెండూ ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఉండాలి, అదీ ఈఎక్స్‌టీ4 అయితే మేలు. ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ మీద అప్పర్ పెడితే ఒప్పుకోదు.

ఒక్క ఫైలేగా, మౌంట్ --బైండ్ చాలదా అంటారు. చాలు, కానీ దానికో జబ్బుంది. బైండ్ అతుక్కునేది ఫైల్ పేరుకి కాదు, ఐనోడ్‌కి (పేరు వెనక డిస్క్‌లో ఉండే అసలు ఫైల్ నమోదు). సెడ్ -ఐ లాంటివి కొత్త ఫైల్ రాసి పాత పేరు తగిలిస్తాయి. నువ్వు మార్చింది కొత్త ఐనోడ్‌లో ఉంటుంది, కోడి చూసేది పాతదాన్ని. ‘మార్చాను, రీస్టార్ట్ చేశాను, ఏమీ మారలేదు’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. ఫోల్డర్‌ని బైండ్ చేస్తే ఈ గొడవ ఉండదు గానీ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవాలి.

ఇంకో మాట. ఆటోస్టార్ట్ పూర్తయ్యాకే కోడి లేస్తుంది. మౌంట్లకి మనకి కావలసింది అదే, వాటిని బ్యాక్‌గ్రౌండ్‌లోకి నెట్టొద్దు. స్లీప్‌లు, పింగ్ లూప్‌లు ఉంటే మాత్రం వాటిని బ్రాకెట్లలో పెట్టి చివర & తగిలించు. లేకపోతే టీవీ మీద లోగో చూస్తూ కూర్చోవాలి.

నాలుగైదు ఫైళ్లు దాటి మార్చేటట్టుంటే ఓవర్‌లే వద్దు. స్కిన్ ఫోల్డర్ మొత్తం /స్టోరేజ్/.కోడి/యాడాన్స్ కిందకి కొత్త పేరుతో కాపీ చేసి, యాడాన్.ఎక్స్ఎంఎల్‌లో ఐడీ కూడా అదే పేరుకి మార్చి, మై యాడాన్స్‌లోకి వెళ్లి ఎనేబుల్ చేసుకో.

కొత్తబాట:

ఇంత తిరుగుడు ఎందుకు? సిస్టమ్ ఫైల్‌ని పీసీలోకి తెచ్చి అన్‌స్క్వాష్‌ఎఫ్ఎస్‌తో విప్పి, కావలసింది మార్చి, ఎంకేస్క్వాష్‌ఎఫ్ఎస్‌తో మళ్లీ కట్టి పెడితే ఒక్క దెబ్బతో అయిపోతుంది కదా.

స్క్వాష్‌రాజు:

అవుతుంది, తర్వాతి అప్‌డేట్ దాకా. ఆ రోజు నువ్వు కట్టిన మూట పోయి వాళ్ల మూట వస్తుంది, మళ్లీ మొదటికే. పైగా రూట్‌గా విప్పకపోతే ఫైళ్ల ఓనర్లు మారిపోతారు, సెట్‌యూఐడీ, డివైస్ నోడ్లు పోతాయి, కొన్ని సర్వీసులు లేవవు. కుదింపు పద్ధతి కెర్నల్‌కి తెలియనిది ఎంచుకుంటే బూటే కాదు. కెర్నల్ మాడ్యూల్ కలపాలి లాంటి పని అయితే ఆ దారిలోనే పోవాలి, అప్పుడు కూడా సోర్స్ నుంచి బిల్డ్ చేయడం మేలు. ఒక్క ఎక్స్ఎంఎల్ కోసం మూట విప్పడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

గోదారిగట్టు:

ఓవర్‌లే లైన్ ఎస్ఎస్‌హెచ్‌లో చేత్తో కొడితే పనిచేసింది, హోమ్ స్క్రీన్ మారింది. అదే ఆటోస్టార్ట్‌లో పెట్టి రీబూట్ చేస్తే లేదు. ఫైల్ విండోస్ నుంచి కాన్ఫిగ్‌ఫైల్స్ షేర్‌లో చేశాను. జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని ఉంది, ఫోల్డర్ చూస్తే ఉంది.

నాస్ కోసం సిస్టమ్.డిలో సినిమాలు.మౌంట్ అని ఫైల్ పెట్టాను (ఫైల్ పేరు ఇంగ్లీషులోనే). వేర్= దగ్గర /స్టోరేజ్/నాస్-సినిమా అని ఇచ్చాను. స్టార్ట్ చేస్తే రెఫ్యూజింగ్ అంటోంది.

పెన్నాతీరం:

మొదటిది నోట్‌ప్యాడ్ పుణ్యం. విండోస్ లైన్ చివర సీఆర్, ఎల్ఎఫ్ రెండూ పెడుతుంది. లినక్స్ షెల్‌కి ఎల్ఎఫ్ ఒక్కటే లైన్ ముగింపు, కంటికి కనపడని సీఆర్ ఫోల్డర్ పేరులో చివరి అక్షరంగా మిగిలిపోతుంది. ‘స్కిన్.ఎస్టువరీ’ పక్కన ఇంకో అక్షరం ఉన్న ఫోల్డర్ కోసం వెతికి, లేదంటోంది. చేత్తో కొట్టినప్పుడు ఆ అక్షరం లేదు కాబట్టి పనిచేసింది.

సెడ్ -ఐ 'ఎస్/\ఆర్$//' /స్టోరేజ్/.కాన్ఫిగ్/ఆటోస్టార్ట్.ఎస్‌హెచ్

ఇక మీదట నానోలో రాయి, లేదా నోట్‌ప్యాడ్++లో లైన్ ముగింపు యూనిక్స్ అని మార్చుకో. అన్నట్టు, ఈ స్క్రిప్ట్ పైన ఏ షెబాంగ్ (ఏ షెల్‌తో నడపాలో చెప్పే #! లైన్) రాసినా సిస్టమ్ దీన్ని ఎస్‌హెచ్‌తోనే నడుపుతుంది. బ్యాష్ అనే షెల్‌కే పరిమితమైన అర్రేలు, రెండేసి స్క్వేర్ బ్రాకెట్లు వాడితే నమ్మకం లేదు. తేడా వస్తే చూడాల్సింది ఇక్కడ:

జర్నల్‌సీటీఎల్ -బీ -యూ కోడి-ఆటోస్టార్ట్

స్క్వాష్‌రాజు:

రెండోది పేరు గొడవ. సిస్టమ్‌డిలో మౌంట్ ఫైల్ పేరు, వేర్=లో ఇచ్చిన దారి ఒకటే అయ్యుండాలి. దారిలోని స్లాష్‌లు పేరులో హైఫన్లవుతాయి. /స్టోరేజ్/నాస్ అయితే ఫైల్ పేరు స్టోరేజ్-నాస్.మౌంట్. నీ దారిలో ముందే ఒక హైఫన్ ఉంది. అది స్లాష్‌గా పొరబడకుండా పేరులో \ఎక్స్2డి అని రాయాలి. ఆ తలనొప్పి మనకెందుకు, ఫోల్డర్ పేరులో హైఫన్ తీసేయి.

ఆ ఫోల్డర్‌లో సీఐఎఫ్ఎస్.మౌంట్.శాంపిల్ అని ఉంది, దాన్నే కాపీ చేసుకుని, పెద్దక్షరాలు శాంపిల్‌లో ఉన్నట్టే ఉంచి, ఇలా నింపు:

[యూనిట్]
రిక్వయర్స్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.సర్వీస్
ఆఫ్టర్=నెట్‌వర్క్-ఆన్‌లైన్.సర్వీస్
బిఫోర్=కోడి.సర్వీస్

[మౌంట్]
వాట్=//192.168.1.20/సినిమా
వేర్=/స్టోరేజ్/నాస్
టైప్=సీఐఎఫ్ఎస్
ఆప్షన్స్=యూజర్‌నేమ్=నీపేరు,పాస్‌వర్డ్=నీపాస్‌వర్డ్,వెర్స్=3.0

[ఇన్‌స్టాల్]
వాంటెడ్‌బై=మల్టీ-యూజర్.టార్గెట్

నాస్‌కి పేరు కాకుండా ఐపీనే ఇవ్వు, రౌటర్‌లో ఆ ఐపీని నాస్‌కి రిజర్వ్ చేసి పెట్టు. పాస్‌వర్డ్‌లో కామా ఉంటే ఆప్షన్ అక్కడితో తెగిపోతుంది. % ఉంటే దాన్ని %% అని రెండుసార్లు రాయాలి, ఎందుకంటే సిస్టమ్‌డికి % అంటే వేరే అర్థం. వీటితో కుస్తీ పట్టే బదులు నాస్‌లో ఈ పెట్టె కోసం చదవడానికి మాత్రమే హక్కున్న వేరే యూజర్‌ని చేసి, అక్షరాలూ అంకెలతో పాస్‌వర్డ్ పెట్టు. ఆ తర్వాత:

సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్
సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ స్టోరేజ్-నాస్.మౌంట్
సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ స్టోరేజ్-నాస్.మౌంట్

లిబ్రెఎలెక్ సెట్టింగ్స్, నెట్‌వర్క్ పేజీలో కోడి లేచే ముందు నెట్‌వర్క్ కోసం ఆగు అనే ఆప్షన్ ఉంది, దాన్నీ ఆన్ చెయ్. వైఫై మీద నడిచే పెట్టెకి అది లేకపోతే, పొద్దున్న మౌంట్ అయ్యేది సాయంత్రం అవ్వదు.

లేఖిని_పాత:

సబ్‌టైటిళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. డబ్బాలు వస్తున్నాయంటే ఫైల్ బాగానే ఉంది, వాడుతున్న ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ, ఒక .టీటీఎఫ్ తెచ్చి /స్టోరేజ్/.కోడి/మీడియా/ఫాంట్స్‌లో వేయండి. ఫోల్డర్ లేకపోతే చేసుకోండి, ఫాంట్స్‌లో మొదటి అక్షరం పెద్దది. సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ కోడి కొట్టి, సెట్టింగ్స్, ప్లేయర్, సబ్‌టైటిల్స్‌లో ఆ ఫాంట్ ఎంచుకోండి. దీనికి రీడ్-ఓన్లీతో పనే లేదు. సన్న గీతల ఫాంట్ వద్దు, సోఫా దూరం నుంచి వత్తులు కలిసిపోయి ‘క్ష’కి ‘క్ష్మ’కి తేడా తెలియదు.

డబ్బాలు కాకుండా ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు, డాలర్ గుర్తులు కలగాపులగంగా వస్తే అది వేరే జబ్బు: ఆ ఫైల్‌ని అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్‌లో టైప్ చేశారు. ఏ ఫాంట్ మార్చినా అది బాగవదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి యూటీఎఫ్-8గా సేవ్ చేయాలి.

గోదారిగట్టు:

నాస్ మౌంట్ అయింది, హోమ్ స్క్రీన్ వచ్చింది, అక్షరాలు కనిపిస్తున్నాయి. డిస్క్ హెచ్‌డీపార్మ్‌కి లొంగలేదు, హెచ్‌డీ-ఐడిల్ పెట్టాక ఆగుతోంది. అప్‌డేట్ వస్తే వీటిలో ఏది పోతుంది? ఏదైనా బెడిసి కోడి అసలు లేవకపోతే ఎలా?

పెన్నాతీరం:

పోయేది ఏదీ లేదు, చిక్కు కూడా అక్కడే. నీ హోమ్.ఎక్స్ఎంఎల్ పాతది, దాని అడుగుకి కొత్త ఎస్టువరీ వస్తుంది. కొత్త స్కిన్‌లో పేర్లు మారి ఉంటే హోమ్ స్క్రీన్ సగం ఖాళీగా, లేదా నల్లగా వస్తుంది. అందుకని పెద్ద వెర్షన్‌కి వెళ్లే ముందు ఆటోస్టార్ట్‌లో ఓవర్‌లే లైన్ ముందు # పెట్టి రీబూట్ చెయ్. అప్‌డేట్ అయ్యాక కొత్త హోమ్.ఎక్స్ఎంఎల్ కాపీ తీసి, నీ మార్పులు అందులో మళ్లీ పెట్టి, అప్పుడు # తీసేయ్. ఇప్పుడే మూలం ఫైల్ ఒక కాపీ హోమ్.మూలం అని పక్కన దాచుకో, ఆ రోజు డిఫ్ కొడితే నువ్వు మార్చిన లైన్లు బయటపడతాయి.

కోడి లేవకపోయినా ఎస్ఎస్‌హెచ్ మామూలుగా లేస్తుంది, లోపలికెళ్లి ఆటోస్టార్ట్ పేరు మార్చు. ఎస్ఎస్‌హెచ్ కూడా రాకపోతే కార్డు తీసి పీసీలో పెట్టు. విండోస్‌కి కనిపించే ఫ్యాట్ పార్టిషన్‌లో సీఎండీలైన్.టీఎక్స్‌టీ ఉంటుంది. ఉన్న ఒకే లైన్ చివర ఒక ఖాళీ వదిలి టెక్స్ట్‌మోడ్ అని రాయి, కొత్త లైన్‌లోకి వెళ్లొద్దు. కోడి లేకుండా నేరుగా కన్సోల్ వస్తుంది, కీబోర్డ్ తగిలించి సరిచేసుకోవచ్చు.

స్క్వాష్‌రాజు:

ఒకటి కలుపుతాను. సెట్టింగ్స్‌లో ఉన్న బ్యాకప్ /స్టోరేజ్ మొత్తాన్ని తీయదు. .కోడి, .కాన్ఫిగ్, .క్యాష్, .ఎస్ఎస్‌హెచ్, అంతే. పెన్నాతీరం గారు మోడ్స్ ఫోల్డర్‌ని .కాన్ఫిగ్ లోపల పెట్టించారు కాబట్టి అది వస్తుంది. నేను చెప్పిన /స్టోరేజ్/బిన్ రాదు, దాన్ని కూడా .కాన్ఫిగ్ లోపలికి జరిపి .ప్రొఫైల్‌లో పాత్ మార్చుకో. ఆ .ప్రొఫైల్ ఫైల్ కూడా బ్యాకప్‌లో ఉండదు, ఒక కాపీ తీసి .కాన్ఫిగ్‌లో పడేయ్. ఇక తయారైన ట్యార్ /స్టోరేజ్/బ్యాకప్‌లో, అంటే అదే కార్డులో కూర్చుంటుంది. దాన్ని నాస్‌లోకి లాగి పెట్టు.